తీసేయడానికే పోసే ద్రావణి

చిత్తూరు పాఠకుడొకరు పంపిన ప్రశ్న ఇది: "టైర్లకు వాడే కృత్రిమ రబ్బరును ముందు ఒక ద్రావణిలో తయారు చేస్తారట, ఆ తర్వాత ద్రావణినంతా ఆవిరి చేసి తీసేస్తారట. ఎలాగూ తీసేసేదాన్ని అసలు పోయడం ఎందుకు?"

బెల్లం వండటం చూసినవాళ్లకు ఇందులో ఖర్చు ఎక్కడుందో చెప్పక్కర్లేదు. టన్ను చెరుకు గానుగాడితే సుమారు 600 కిలోల రసం వస్తుంది. కాచగా కాచగా మిగిలే బెల్లం 100 కిలోలు. అంటే పొయ్యిలో మండే పిప్పి అంతా 500 కిలోల నీళ్లను పైకి పంపడానికే. రబ్బరు కథ కూడా ఇంచుమించు ఇదే తూకంలో నడుస్తుంది. 100 కిలోల రబ్బరు కావాలంటే 25 కిలోల స్టైరీన్, 75 కిలోల బ్యుటాడయీన్, వాటిని మోయడానికి 600 కిలోల సైక్లోహెక్సేన్ అనే ద్రావణి. చెరుకులో నీళ్లు ముందే ఉన్నాయి. ఇక్కడ ద్రావణిని డబ్బు పెట్టి కొని మరీ పోస్తున్నాం.

ఎందుకంటే మొదటి కారణం వేడి. బ్యుటాడయీన్ అణువులు గొలుసుగా అల్లుకునేటప్పుడు కిలోకు సుమారు 1,350 కిలోజౌళ్లు వదులుతాయి, స్టైరీన్ అందులో సగం. మన 100 కిలోల మిశ్రమానికి మొత్తం 1,18,000 కిలోజౌళ్లు. ద్రావణి లేకుండా, వేడి బయటికి పోయే దారి లేకుండా ఇదంతా జరిగితే ఉష్ణోగ్రత లెక్క ప్రకారం 500 డిగ్రీలకు పైగా పెరగాలి. అంతదాకా వెళ్లకముందే రబ్బరు విరిగి పాడవుతుంది, పాత్రలో పీడనం అదుపు తప్పుతుంది. అదే వేడిని 700 కిలోలకు పంచండి: పెరుగుదల 84 డిగ్రీలే. 35 దగ్గర మొదలుపెడితే 120 లోపే ఆగుతుంది. సైక్లోహెక్సేన్ 81 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఇదంతా మూత బిగించిన పీడనపాత్రలో, నైట్రోజన్ కింద జరగాలి.

రెండో కారణం చిక్కదనం. తీగపాకంలో గరిటె తిప్పడానికీ ముదురుపాకంలో తిప్పడానికీ ఎంత తేడా ఉంటుందో వంట చేసే చేతికి తెలుసు. పాకంలో చిక్కదనం నీళ్లు తగ్గడం వల్ల వస్తుంది. ఇక్కడ ఒక్క చుక్క కూడా తగ్గకుండానే, గొలుసులు పొడవైనకొద్దీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ద్రవం బరువెక్కుతుంది. ఆ చిక్కు పడ్డాక పొడవు రెట్టింపైతే చిక్కదనం పది రెట్లు దాటుతుంది. అందుకే ద్రావణంలో రబ్బరు 14 శాతం దగ్గరే ఆపుతారు. ఈ జిగురు ద్రావణాన్ని ఫ్యాక్టరీలో 'సిమెంట్' అంటారు. ద్రావణి ఆదా చేయాలని మరీ చిక్కగా చేస్తే కలిపే రెక్కల దగ్గర మాత్రమే కదలిక ఉంటుంది, గోడ పక్కన పేరుకున్నది కదలదు, చల్లబడదు. పంపు కూడా లాగలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఈ స్టైరీన్-బ్యుటాడయీన్ రబ్బరునే ఇంటర్ పుస్తకంలో బ్యూనా-ఎస్ అంటారు. దాని సమీకరణం అక్కడ ఒక్క వరుసలో ఉంటుంది, బ్రాకెట్ కింద గొలుసు పొడవును చెప్పే చిన్న 'ఎన్'. ఆ ఎన్ ఎంత, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అని తరగతిలో అడగాల్సిన ప్రశ్న. సబ్బునీళ్లలో చేసే పాత పద్ధతిలో దాన్ని ఉజ్జాయింపుగానే పట్టుకోగలం. ద్రావణి పద్ధతిలో మాత్రం తక్కెడతో తూచి నిర్ణయించవచ్చు. ఇక్కడ గొలుసును మొదలుపెట్టేది బ్యుటైల్ లిథియం. ఒక్కో అణువు ఒక్కో గొలుసును మొదలుపెడుతుంది, ఆ గొలుసు తనంతట తాను ఆగదు. ఇలాంటివాటికి 'సజీవ పాలిమర్లు' అని 1956లో మైకేల్ ష్వార్జ్ పేరు పెట్టాడు. ముడిసరుకు అయిపోతే ఊరుకుంటుంది, మళ్లీ పోస్తే మళ్లీ పెరుగుతుంది.

లెక్క చూడండి. గొలుసు అణుభారం 2,00,000 కావాలి. 100 కిలోలు అంటే లక్ష గ్రాములు, దాన్ని రెండు లక్షలతో భాగిస్తే అర మోల్ గొలుసులు (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత). కాబట్టి అర మోల్ బ్యుటైల్ లిథియం చాలు: 32 గ్రాములు. హెక్సేన్‌లో 15 శాతం ద్రావణంగా కొంటే 213 గ్రాములు. ఇంతే. దాంతో ఒక్కో గొలుసులో సగటున 2,780 బ్యుటాడయీన్లు, 480 స్టైరీన్లు కూర్చుంటాయి. మన ఎన్ అదే.

ఇప్పుడు ఇదే లెక్క ఎలా తలకిందులవుతుందో చూడండి. ఒక నీటి అణువు ఒక బ్యుటైల్ లిథియాన్ని చంపుతుంది. అర మోల్ నీళ్లంటే 9 గ్రాములు, రెండు టీస్పూన్లు కూడా కాదు. 700 కిలోల్లో అది పది లక్షల పాళ్లలో 13 పాళ్లు. అంత తేమ ఉంటే అసలు ఏమీ జరగదు. 5 పాళ్లే ఉందనుకోండి, మూడున్నర గ్రాములు: నూటికి 39 వంతుల లిథియం చస్తుంది. మిగిలిన కొద్ది గొలుసులే ముడిసరుకంతా పంచుకుంటాయి, అణుభారం 2 లక్షల బదులు 3,27,000కు పోతుంది. సిమెంట్ అయిదారు రెట్లు చిక్కనై కూర్చుంటుంది. తేమ ఎక్కువైతే రబ్బరు పలచన కాదు, మరీ గట్టిపడుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. బ్యుటాడయీన్ దారిలో గడ్డకట్టకుండా కలిపే టీబీసీ కూడా లిథియానికి విషమే. దాన్ని క్షారంతో కడిగి, అల్యూమినా స్తంభం గుండా పంపి తీసేయాలి.

అయినా కొంత మలినం మిగులుతుంది. అందుకు ఒక చక్కటి ఉపాయం ఉంది. ద్రావణిలో కొంచెం స్టైరీన్ వేసి, బ్యుటైల్ లిథియాన్ని కొద్దికొద్దిగా వదులుతారు. మొదట పడినదంతా తేమకు బలి, రంగు రాదు. ఒక దశలో గాజు కిటికీ వెనక లేత నారింజ రంగు మెరిసి మాయమవుతుంది, ఇంకొంచెం పోస్తే నిలుస్తుంది. నిలిచిందంటే చంపేవి అయిపోయినట్టు, బతికిన గొలుసు తల రంగది. పాకం చుక్కను చన్నీళ్లలో వేసి ఉండ కడుతోందా అని చూడటం ఎలాంటిదో ఇదీ అలాంటి పరీక్షే. అసలు తూకం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇంకో వింత. విడిగా చూస్తే స్టైరీనే వేగంగా అల్లుకుంటుంది. రెండూ కలిపి పోస్తే మాత్రం బ్యుటాడయీన్ ముందు దూరుతుంది, స్టైరీన్ చివర్లో ఒకే ముద్దగా చేరుతుంది. లేత పసుపు ద్రవం ఉన్నట్టుండి నారింజలోకి తిరిగే క్షణం అదే. టైరుకు అలా ముద్దగా చేరడం పనికిరాదు. టీహెచ్‌ఎఫ్, టీఎంఈడీఏ అనే ద్రవాల్లో ఏదో ఒకటి కొద్దిగా కలిపితే రెండూ చెదిరి కూర్చుంటాయి. అంతేకాదు, బ్యుటాడయీన్ వెన్నెముకలో కాకుండా పక్కకొమ్మగా కూర్చునే పాలు 10 శాతం దగ్గర నుంచి 50, 60 దాకా పెరుగుతుంది. కొమ్మలు పెరిగితే రబ్బరు తడి రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. 1992లో మిషలిన్ సిలికా కలిపిన టైరు తెచ్చాక కార్ల టైర్లలో ఈ రబ్బరుకు గిరాకీ పెరిగింది. బస్సులు, లారీల్లో పైచేయి ఇంకా సహజ రబ్బరుదే.

తిరుపతిలో కొత్త కారుకు పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించడం మామూలే. అది ఎవరి ఇష్టం వాళ్లది. కానీ కార్తీకంలో వాన పడుతుంటే ఘాట్ రోడ్డు దిగే కారును ఆపేది ఈ పక్కకొమ్మలూ, టైరు మీది గాడుల లోతూ. లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే టైరు మార్చాల్సిందే.

గొలుసులు పూర్తయ్యాక కొన్నిటిని సిలికాన్ టెట్రాక్లోరైడ్‌తో నాలుగేసి కలిపి నక్షత్రంలా ముడేస్తారు, లేకపోతే నిల్వలో రబ్బరు మెల్లగా జారిపోతుంది. తర్వాత ఆల్కహాల్‌తో గొలుసులను ఆపి, గాలికి పాడవకుండా మందు కలుపుతారు. ఈ మందు ద్రావణి తీయకముందే పడాలి, ఎందుకంటే తర్వాత వచ్చేది వేడి ఆవిరి.

సిమెంట్‌ను మరిగే నీళ్లలోకి చిమ్మి ఆవిరి పడతారు. సైక్లోహెక్సేన్‌కు కిలోకు సుమారు 360 కిలోజౌళ్లు చాలు, నీటికి కావాల్సిన 2,260లో ఆరో వంతు. నీళ్లతో కలిసి అది 70 డిగ్రీల దగ్గరే లేచిపోతుంది, రబ్బరు తెల్లటి అటుకుల్లా నీళ్లపై తేలుతుంది. నీళ్లను సరిగా కలియతిప్పకపోతే ఆ అటుకులు ఒకదానికొకటి అంటుకుని పాత్రంత ముద్దవుతాయి, మనుషులు దిగి కోసి తీయాలి. అటుకులను స్క్రూ ప్రెస్సులో పిండి, వేడిగాలిలో ఆరబెట్టి, సుమారు 35 కిలోల దిమ్మెలుగా నొక్కుతారు.

బెల్లం పెనం మీది ఆవిరి ఆకాశంలోకి పోతుంది. ఇక్కడ దాన్ని చల్లార్చి పట్టుకోవాలి. తొట్టిలో సైక్లోహెక్సేన్ పైన తేలుతుంది, నీళ్లు కిందికి దిగుతాయి. అయితే పైపొర ఇప్పుడు నీటితో తడిసి ఉంది. ఆరోపాలు ఖర్చుతో రబ్బరును విడదీసిన ఆవిరే ద్రావణిలో విషం కలిపిందన్నమాట. అందుకే దాన్ని మళ్లీ స్వేదనం చేస్తారు. నీళ్లు మొదటి చుక్కలతోనే వెళ్లిపోతాయి, మిగిలిన తేమను అల్యూమినా పీల్చుకుంటుంది. ఆ ద్రావణి రియాక్టర్‌లోకి తిరిగి వచ్చి, స్టైరీన్ కలిశాక, లిథియం పడితే కిటికీ వెనక మళ్లీ ఆ నారింజ రంగు నిలవాలి.