మాజ్డా ఆర్ఎక్స్-7 ఎందుకు ఆగిపోయింది: అపోహలు - వాస్తవాలు

చెన్నై శివార్లలో, శ్రీపెరుంబుదూరు దగ్గర, వాహనాల పొగను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. నెల్లూరు, తిరుపతి కళాశాలల నుంచి శిక్షణకు వచ్చే విద్యార్థుల్లో కార్లంటే ప్రాణం పెట్టేవారు తప్పకుండా అడిగేది ఆర్ఎక్స్-7 గురించే. 1978లో మొదలై మూడు తరాలు నడిచిన ఈ రెండు తలుపుల కారు తయారీ 2002లో నిలిచిపోయింది. కారణాలుగా వాళ్లు చెప్పేవాటిలో చాలావరకు ఒకరి నోట ఒకరు విన్నవే.

అపోహ: రోటరీ ఇంజన్ త్వరగా పాడవుతుంది కాబట్టే ఆపేశారు.

వాస్తవం: ఈ కారులోని రోటరీ ఇంజన్‌లో పిస్టన్లకు బదులు త్రికోణపు రోటరు తిరుగుతుంది. దాని మూలల్లోని సీళ్లు (వాయువు జారిపోకుండా ఆపే పట్టీలు) అరిగితే కంప్రెషన్, అంటే లోపలి గాలి, ఇంధనం నొక్కుకునే ఒత్తిడి, పడిపోతుందన్నది నిజమే. అయితే ఆ బలహీనత మొదటి నుంచీ ఉన్నదే, దానితోనే ఎనిమిది లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అసలు చిక్కు మన్నికలో కాదు, పొగలో ఉంది. రోటరీలో దహన గది పొడవుగా, పలుచగా ఉండటం వల్ల గోడలను అంటుకుని ఉన్న ఇంధనం దాకా మంట చేరకముందే ఆరిపోతుంది. సీళ్ల కోసం లోపలికి వదిలే ఆయిల్ కూడా అరకొరగా కాలి బయటికి వస్తుంది. పొగ వెళ్లే ద్వారం పూర్తిగా మూసుకోకముందే గాలి, ఇంధనం వచ్చే ద్వారం తెరుచుకోవడం దీనికి తోడవుతుంది. వీటన్నిటి ఫలితంగా కాలని హైడ్రోకార్బన్లు, అంటే పొగతో బయటికి పోయే ఇంధనపు అవశేషాలు, ఎక్కువవుతాయి.

వీటిని శుద్ధి చేయడానికే కెటలిటిక్ కన్వర్టర్ ఉంది కదా అని అడుగుతారు. అది సుమారు 300 డిగ్రీలకు వేడెక్కేదాకా సరిగా పనిచేయదు. అందుకే మేము కారును గంటల తరబడి నిర్ణీత ఉష్ణోగ్రతలో నిలిపి ఉంచి, ఆ తర్వాతే రోలర్ల మీద నడుపుతాం. మే నెల ఎండలో నిలిపిన బండిని తెచ్చి వెంటనే పరీక్షించడానికి వీల్లేదు. ఇలా చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే హైడ్రోకార్బన్లలో పెద్ద భాగం వెలువడుతుంది. చివరి తరం ఆర్ఎక్స్-7లో ఇంజన్‌కూ కన్వర్టర్‌కూ మధ్య రెండు టర్బోలు (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరాలు) ఉండేవి. పొగలోని వేడిని ముందు అవే పీల్చుకునేవి. 2003లో వచ్చిన, రోటరీ ఇంజన్‌తోనే నడిచే ఆర్ఎక్స్-8లో మాజ్డా టర్బోలను తీసేసి, పొగ ద్వారాన్ని రోటరు పక్క గోడలోకి మార్చింది. ఇబ్బంది ఎక్కడుందో ఆ మార్పే చెబుతోంది.

అపోహ: జపాన్ ప్రభుత్వం ఈ కారును నిషేధించింది.

వాస్తవం: చట్టం పరిమితిని మాత్రమే పెడుతుంది. జపాన్ 2000లో తెచ్చిన ఉద్గార నిబంధనల ప్రభావంతో నిస్సాన్ సిల్వియా, స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా కూడా 2002లోనే ఆగిపోయాయి. వాటిలో దేనిలోనూ రోటరీ ఇంజన్ లేదు. డబ్బు పెడితే వాటన్నిటినీ సరిదిద్దవచ్చు, కానీ ఆ ఖర్చును పంచడానికి తగినన్ని కార్లు అమ్ముడుపోవాలి. 1995లో జపాన్ కరెన్సీ యెన్ డాలరుకు 80 యెన్ల స్థాయికి బలపడి, అమెరికాలో ధర మోయలేనంత కావడంతో ఆర్ఎక్స్-7 ఆ పెద్ద విపణిని అప్పటికే కోల్పోయింది. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చినప్పుడు మారుతీ డీజిల్ కార్లు ఆపేయడం వెనుక ఉన్నదీ ఈ లెక్కే.

అపోహ: ఫోర్డ్ యాజమాన్యం రోటరీని చంపేసింది.

వాస్తవం: 1996లో మాజ్డాలో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి పెరిగిన మాట నిజమే, కానీ రోటరీతోనే వచ్చిన ఆర్ఎక్స్-8 రూపుదిద్దుకున్నది ఆ తర్వాతే.

అపోహ: 1991లో ఫ్రాన్స్‌లోని 24 గంటల లె మాన్ రేసును మాజ్డా రోటరీ కారు గెలిచినందుకు రోటరీని వెలివేశారు.

వాస్తవం: రోటరీకి చోటు లేకుండా చేసిన 3.5 లీటర్ల ఇంజన్ నిబంధన ఆ గెలుపుకు ముందే నిర్ణయమైంది. పైగా రేసు నిబంధన రోడ్డు మీది కారును ఆపదు.

2023లో మాజ్డా ఎంఎక్స్-30లో 830 సీసీ రోటరీని మళ్లీ పెట్టింది. అక్కడ అది చక్రాలను తిప్పదు, బ్యాటరీ కోసం విద్యుత్తును మాత్రమే తయారుచేస్తుంది.