గ్రీన్ ఆసుపత్రి సర్టిఫికెట్: డెల్టాలో కట్టేవారికి అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఆసుపత్రులకు ఏసీ, కరెంటు, నీటి పనులు చూస్తుంటాను. కొత్తగా కట్టే డాక్టరుగారు ప్లాను బల్ల మీద పరిచాక కాసేపటికి తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఆ గ్రీన్ సర్టిఫికెట్ తీసుకుంటే మనకేం ఒరుగుతుందండీ?" కరెంటు, నీరు తక్కువ వాడేలా కట్టిన భవనానికి, చేసిన పనులకు పాయింట్లు లెక్కగట్టి ఇచ్చే సర్టిఫికెట్ అది. నా జవాబు ఎప్పుడూ ఒకటే. కరెంటు ఆదా చేసేది కాగితం కాదు, ఆ కాగితం కోసం చేసే పని. ఆ పని మన నేలకీ, మన గాలికీ తగ్గట్టు చేస్తేనే డబ్బు తిరిగొస్తుంది.

అపోహ: గ్రీన్ అంటే ఖర్చు రెట్టింపు.

ఖర్చు రెండు రకాలు. రిజిస్ట్రేషన్, విస్తీర్ణాన్ని బట్టి కట్టే ఫీజు, కన్సల్టెంటు, కరెంటు వాడకాన్ని కంప్యూటర్లో లెక్కగట్టడం ఇవన్నీ కాగితం ఖర్చు. భవనం మీద పెట్టేది రెండోది. ఈ రెండోది ఎంతవుతుందనేది మీరు ఎప్పుడు మొదలుపెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్లాను గీసేటప్పుడే వార్డుల కిటికీలు ఉత్తరం, దక్షిణం వైపు తిప్పుకుంటే పైసా ఖర్చు లేదు. శ్లాబు పడ్డాక గుర్తొస్తే ప్రతిదానికీ డబ్బే.

నన్ను ఆలస్యంగా పిలిచిన ఒక ఆసుపత్రిలో రోడ్డువైపు అందంగా ఉంటుందని పడమటి గోడంతా అద్దాలు పెట్టారు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి వెళ్లి చూస్తే, రోగుల తాలూకు వాళ్లు మంచాలు లోపలికి లాక్కుని, అద్దానికి దుప్పటి కట్టుకున్నారు. ఆ ఎండను తట్టుకోవడానికి ఏసీ టన్నులు పెంచారు. ఏసీ పెరిగాక కేబులు, ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు అన్నీ పెరిగాయి. గ్రీన్‌కి ఖర్చెక్కువని నాతో అన్నది ఆ ఆసుపత్రివాళ్లే.

ఇంకో సంగతి. 100 కిలోవాట్ల లోడు దాటే భవనాలకు కరెంటు ఆదా కోసం ప్రభుత్వం పెట్టిన ఈసీబీసీ నియమాలు ఎలాగూ ఉన్నాయి. రంగుల సంచుల్లో చెత్త వేరుచేయడం, ల్యాబు నుంచి వచ్చే ద్రవాలను శుద్ధి చేశాకే వదలడం 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం తప్పనిసరి. సర్టిఫికెట్ వద్దనుకున్నా ఈ పనులు తప్పవు. వాటిని గ్రీన్ ఖాతాలో రాసి భయపడొద్దు.

చిన్న లెక్క చెబుతాను. మన వైపు జనరల్ వార్డులన్నీ ఫ్యాన్ల మీదే నడుస్తాయి. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటు లాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. వంద ఫ్యాన్లు రోజుకి 18 గంటలు తిరిగితే మిగిలేది 81 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 2 లక్షల 36 వేలు. ఒక్కో ఫ్యాను మూడు వేలనుకుంటే ఏడాదిన్నర లోపే పెట్టుబడి వచ్చేస్తుంది. దీనికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

అపోహ: పాయింట్ల పట్టికలో ఉన్నవన్నీ చేసేస్తే మంచిదే.

ఎక్కువ డబ్బు నీళ్లపాలయ్యేది ఇక్కడే. ఇంకుడు గుంతనే తీసుకోండి. రాయలసీమలో అది ప్రాణాధారం. కోనసీమలో అక్టోబరులో గుంత తవ్వితే నాలుగడుగులకే కింద నుంచి నీళ్లొచ్చేస్తాయి. అప్పటికే నిండిన నేలలోకి వాన నీటినేం దింపుతాం? దాని బదులు శ్లాబు నీటిని వడగట్టి ట్యాంకులో పట్టండి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే చోట 5000 చదరపు అడుగుల శ్లాబు మీద మూడున్నర లక్షల లీటర్లకు తక్కువ రాదు. అంతా దాచలేం కానీ, వానాకాలమంతా ట్యాంకు నిండుతూనే ఉంటుంది. సముద్రం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఈ మెత్తటి నీరు లాండ్రీకి ఎంతో మేలు. పరికరాల్లో క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవుకి పెట్టిన ఆర్వోకి ఇస్తే మెంబ్రేన్లు (వడపోత పొరలు) ఎక్కువ కాలం వస్తాయి.

మురుగునీటి శుద్ధి ట్యాంకుతో జరిగింది ఇంకా బాధాకరం. కోనసీమలోనే ఒక ఆసుపత్రిలో ట్యాంకును భూమిలో కట్టారు. ఆగస్టులో శుభ్రం చేద్దామని నీళ్లన్నీ తోడేశారు. రాత్రికి రాత్రే నేలలోని నీటి ఒత్తిడికి ఖాళీ ట్యాంకు పడవలా లేచింది. తెల్లారేసరికి ఒక మూల జానెడు పైకొచ్చి ఉంది, పైపులు విరిగిపోయి ఉన్నాయి. ఇక్కడ కడితే ట్యాంకు అడుగున శ్లాబు బరువుగా వేయాలి, లేదా నేల మీదే కట్టాలి. ఏదైనా సరే, వరదల రోజుల్లో మాత్రం పూర్తిగా ఖాళీ చేయకూడదు.

గాలి విషయమూ అంతే. నిబంధన కంటే 30 శాతం ఎక్కువ బయటి గాలి తెస్తే పాయింటు ఇచ్చే పద్ధతులున్నాయి. చల్లటి, పొడి దేశాల్లో బాగానే ఉంటుంది. మన జూలై గాలి తడిబట్ట లాంటిది. దాన్ని లోపలికి తెచ్చాక తేమ తీయడానికే ఏసీ సగం కష్టపడుతుంది. తీయలేకపోతే గ్రిల్లు అంచున బొట్లు కడతాయి, వారం తిరిగేసరికి నల్లటి బూజు. ఆపరేషన్ థియేటర్లో బూజంటే టెన్షన్ మామూలుగా ఉండదు. బయటికి పోయే చల్లగాలితో లోపలికొచ్చే గాలిని చల్లబరిచే యంత్రం పెడితే ఖర్చు తగ్గుతుంది. కానీ ఐసొలేషన్ గది గాలిని, రెండు గాలులూ కలిసే అవకాశమున్న చక్రం రకం యంత్రానికి ఇవ్వకండి. ఎక్కువ బయటి గాలికిచ్చే ఆ ఒక్క పాయింటూ వదులుకోమనే చెబుతాను.

డయాలసిస్ ఉంటే మాత్రం ఆర్వో వదిలేసే నీటిని వదలొద్దు. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు ఒక్కో రోగికి 120 లీటర్ల శుద్ధినీరు కావాలి. ఆ నీటిని తీయడంలో ఆర్వో పారబోసేది చాలాచోట్ల అంతకు తక్కువ ఉండదు. అది ఫ్లష్‌లకు సరిపోతుంది. ఉప్పు ఎక్కువుంటే ఇనుప పైపుల్లో పంపకండి.

అపోహ: గ్రీన్ సర్టిఫికెట్ ఉంటే ఇన్ఫెక్షన్లు ఉండవు, ఆసుపత్రులకిచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కూడా సులువుగా వచ్చేస్తుంది.

ఈ రెండూ వేరు వేరు. ఐజీబీసీ, గృహ, లీడ్ అనే గ్రీన్ రేటింగులు చూసేది భవనాన్ని. ఎన్ఏబీహెచ్ చూసేది వైద్యం నాణ్యతను, రోగి భద్రతను. ఎన్ఏబీహెచ్ ప్రకారం థియేటర్లో గాలి గంటకు కనీసం 20 సార్లు మారాలి, పక్క గదుల కంటే లోపల ఒత్తిడి ఎక్కువ ఉండాలి. కరెంటు ఆదా పేరుతో దీన్ని తగ్గించడానికి వీల్లేదు. నేను ఎక్కడికెళ్లినా ఒక టిష్యూ కాగితాన్ని థియేటర్ తలుపు సందు దగ్గర పట్టుకుంటాను. అది బయటి వైపుకి ఊగాలి. లోపలికి లాక్కుంటే వరండా దుమ్ము రోగి మీదికి పోతున్నట్టే. టీబీ ఐసొలేషన్ గది దగ్గర ఇందుకు తలకిందులు, అక్కడ కాగితం లోపలికే పోవాలి. ఖరీదైన బోర్డు గోడకున్న చోట కూడా ఆ కాగితం తప్పు వైపు ఊగడం కళ్లారా చూశాను.

అపోహ: కిటికీలు, చెట్లు అందానికే.

1984లో రోజర్ ఉల్రిచ్ 'సైన్స్' పత్రికలో ఒక పరిశీలన రాశారు. అమెరికాలో పిత్తాశయం ఆపరేషనైన 46 మందిని చూస్తే, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే కొంచెం ముందే ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. 46 మందంటే చిన్న లెక్కే. అయినా స్థలంలో ఉన్న కొబ్బరిచెట్లు కొట్టేసి పార్కింగు వేద్దామన్న ప్రతి డాక్టరుగారికీ నేనిది చెబుతాను.

అపోహ: పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులకే, కొత్త బిల్డింగులకే ఇది.

పాత భవనాలకూ రేటింగులున్నాయి. నా మట్టుకు, రెండొందల పడకలు దాటితే సర్టిఫికెట్ తీసుకోమంటాను. అంత పెద్ద పనిలో కాంట్రాక్టరు చెప్పింది నిజంగా చేశాడో లేదో బయటివాళ్లు తనిఖీ చేయడం అవసరం. యాభై పడకల నర్సింగ్ హోముకి ఆ ఫీజు డబ్బుతో పని చేయించుకోవడమే మేలు.

పోయినేడాది అలాంటి నర్సింగ్ హోము నడిపే డాక్టరమ్మగారికి ముందు మూడు సబ్‌మీటర్లు పెట్టించాను: ఏసీలకొకటి, పంపులకొకటి, లాండ్రీకొకటి. నెల తిరక్కుండానే తెలిసింది, ఆపరేషన్లు లేని రాత్రుళ్లు కూడా థియేటర్ ఏసీ పూర్తి జోరు మీద నడుస్తోందని. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి గాలి ఒత్తిడి నిలిచేంత వరకు ఉంచి, వేగం తగ్గిస్తున్నారు. ఈ వేసవికి ఫ్యాన్లు మార్చారు. వచ్చే ఏడు శ్లాబు మీద తెల్ల కూల్ పెయింటు వేయిస్తారు. సెల్లారులో ఉన్న మెయిన్ ప్యానెల్‌ని 1986 గోదావరి వరద మట్టానికి పైకి ఎక్కించే పని వానలు మొదలవకముందే పూర్తి చేయమని చెప్పాను. మేస్త్రి సోమవారం నుంచి వస్తానన్నాడు.