నాటకానికి కాగితపు టికెట్టు అడిగేవారి గురించి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు.

టికెట్లన్నీ ఫోన్‌లోకి చేరిపోతున్న ఈ రోజుల్లో కూడా నాటకశాల కౌంటర్ దగ్గర నిలబడి, "కాగితం మీద అచ్చు వేసి ఇవ్వండి" అని అడిగే ప్రేక్షకులను చూస్తే మీకు నవ్వు రావడం సహజమే. కొత్త పరికరం వాడడం చేతకాక అలా అడుగుతున్నారని మీరనుకుంటారు. కొందరి విషయంలో అది నిజం కూడా. కాని బ్యాంకు పనులు, ప్రయాణాల టికెట్లు అన్నీ ఫోన్‌లోనే చక్కబెట్టుకునేవారు సైతం నాటకం దగ్గరికి వచ్చేసరికి కాగితాన్నే కోరుకోవడం కద్దు. దీనికి అలవాటు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. టికెట్టు చేసే పనులు ఒకటికి మించి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఫోన్ కాగితం కంటే బాగా చేస్తుంది, కొన్నింటిని నానా తంటాలు పడి చేస్తుంది, ఒకదాన్ని మాత్రం అసలు చేయలేదు. ఆ సంగతి మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాటకశాలలు పుట్టిన నాటి నుంచీ కాగితపు టికెట్లు ఉన్నాయనుకోకండి. ప్రాచీన ఏథెన్స్‌లో పౌరులు నాటకం చూడడానికి రాజ్యమే తన నిధి నుంచి డబ్బు ఇచ్చేది. అక్కడ దొరికిన అక్షరాలున్న కంచు బిళ్లలు ఏ భాగంలో కూర్చోవాలో చెప్పే టికెట్లని కొందరు పండితుల అభిప్రాయం. 16వ శతాబ్దం చివర లండన్‌లో అసలు టికెట్టే లేదు. గుమ్మం దగ్గర మట్టి డబ్బీలో ఒక పెన్నీ వేసి లోపలికి పోవడం, గ్యాలరీలో కూర్చోవాలనుకుంటే అక్కడ మరో పెన్నీ వేయడం, అంతే. 1989లో అక్కడి రోజ్ అనే పాత నాటకశాల పునాదులను తవ్వినప్పుడు అలాంటి డబ్బీల పెంకులు బయటపడ్డాయి. ఆ తరువాత 18వ శతాబ్దంలో అదే నగరంలోని ధనికులు మంచి స్థలం పట్టి ఉంచడానికి తమ నౌకర్లను ముందుగా పంపి కూర్చోబెట్టేవారు. యజమాని తీరిగ్గా వచ్చాక నౌకరు లేచి పై గ్యాలరీకి వెళ్లిపోయేవాడు. ఆ రోజుల్లో ఆ కుటుంబాలకు టికెట్టంటే మనిషేనన్నమాట.

తేదీ, వరుస, సీటు నంబరు అచ్చువేసిన కాగితం వాడుకలోకి వచ్చిన తరువాత ఆ నౌకరు అవసరం తీరిపోయింది. అయితే ఆ కాగితం ప్రేక్షకుడి కోసమే పుట్టిందనుకుంటే పొరపాటు. దాని మధ్యలో వరుసగా చిన్న చిల్లులుండేవి. గేటు దగ్గరి మనిషి అక్కడ చింపి ఒక ముక్కను పెట్టెలో వేసుకొని, సీటు నంబరున్న ముక్కను ప్రేక్షకుడి చేతికిచ్చేవాడు. ఆట ముగిశాక పెట్టెలోని ముక్కలను లెక్కపెట్టి, అమ్మిన టికెట్ల లెక్కతో సరిచూసేవారు. హాలులోని ప్రతి సీటుకూ ముందే టికెట్టు అచ్చువేసే చోట్ల, అమ్ముడుపోక మిగిలినవాటిని కూడా పారేయకుండా లెక్కకు చూపించవలసి ఉండేది. మిగిలిన టికెట్టు చూపలేకపోతే ఆ సీటు అమ్ముడైనట్టే భావించి డబ్బు అడుగుతారు. ఒక్కో ధరకు ఒక్కో రంగు కాగితం వాడేవారు కాబట్టి, గేటు మనిషికి చదవకుండానే తేడా తెలిసేది. రచయితకు, నటులకు వసూళ్లలో వాటా ఉన్నచోట ఈ ముక్కల లెక్కే వారికి రక్ష. తలుపు దగ్గర ఎవరు ఎంత దిగమింగినా మరునాడు లెక్కలో బయటపడుతుంది.

ఇప్పుడు మీ కాలానికి వద్దాం. పూర్వం కాగితమే హక్కు. అది పోతే ఆటా పోయినట్టే. నేటి అచ్చు టికెట్టులో హక్కు కాగితంలో లేదు, టికెట్లు అమ్మే సంస్థ కంప్యూటర్‌లో నమోదైన నంబరులో ఉంది. కాగితం మీదున్న గళ్ల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్, ఆ నంబరును మోసే సాధనం మాత్రమే. 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం కార్ల విడిభాగాల ఆచూకీ తెలుసుకోవడం కోసం దాన్ని తయారుచేసింది. అందులో సమాచారంతో పాటు, చెడిన భాగాన్ని తిరిగి లెక్కగట్టుకోవడానికి వీలైన అదనపు అంకెలు కూడా దాగి ఉంటాయి కాబట్టి, ఆ అదనపు అంకెలను గరిష్ఠ స్థాయిలో పెట్టి తయారుచేస్తే దాదాపు 30 శాతం చెరిగిపోయినా యంత్రం చదవగలదు. ఒకే కోడ్‌ను నాలుగు కాగితాల మీద అచ్చువేసి నలుగురు వెళ్తే మొదటివాడే లోపలికి పోతాడు. నంబరు వాడేసినట్టు కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. అందువల్ల కాగితం మీదుంటే భద్రమనీ, ఫోన్‌లో ఉంటే మోసమనీ వాదించేవారి మాట నిలవదు. గేటు దగ్గర రెండూ ఒకే కంప్యూటర్‌కు సమాధానం చెప్పుకోవలసిందే.

ఫోన్ టికెట్టులో ఉన్న మేలు కూడా చెప్పాలి. ఇంట్లో మరచిపోయే బాధ తగ్గుతుంది. పోయిందనుకున్నా ఈమెయిల్‌లో మళ్లీ దొరుకుతుంది. ఆట సమయం మారితే ఆ కబురు వెంటనే అందుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చూపులేనివారికి ఫోన్ టికెట్టును చదివి వినిపిస్తుంది. కాగితం ఆ పని చేయలేదు. నాలాంటివారు కాగితం గొప్పతనం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదు.

అయితే చిక్కంతా టికెట్టు చేతులు మారవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. నలుగురికి కొన్న టికెట్లు ఒకే ఫోన్‌లో ఉన్నాయనుకోండి. ఆ ఫోన్ ఉన్న మనిషి వచ్చేవరకు మిగతా ముగ్గురూ గుమ్మం బయటే నిలబడాలి. కాగితమైతే ఎవరిది వారికి పంచిపెట్టి, "మీరు వెళ్లండి, నేను వెనకే వస్తాను" అనవచ్చు. ఫోన్ లేని ముసలివారికి, ఫోన్ ఇవ్వని వయసు పిల్లలకు టికెట్టు బహుమతిగా ఇవ్వాలన్నా కాగితమే సులువు. స్క్రీన్‌షాట్ పంపితే సరిపోదా అని మీరడుగుతారు. ఇన్నాళ్లూ సరిపోయేది. కాని టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సంస్థ 2019లో ప్రవేశపెట్టిన పద్ధతిలో ఫోన్ తెర మీది కోడ్ కొన్ని సెకన్లకొకసారి మారిపోతూ ఉంటుంది. పాత కోడ్‌కు తీసిన స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చెల్లదు. నకిలీ టికెట్లనూ బ్లాకులో అమ్మేవారినీ అరికట్టడానికి ఇది అవసరమని అమ్మేవారు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కాని దానివల్ల జరిగిన మార్పు గమనించండి. డబ్బు ఇచ్చి కొన్న వస్తువును మరొకరికి ఇవ్వాలంటే, ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ అదే సంస్థలో ఖాతా, అదే యాప్ ఉండాలి. ఎవరు ఎవరికి ఇచ్చారో సంస్థకు తెలియాలి. ప్రేక్షకులు కాగితాన్ని కోరుకోవడం వెనక, కొన్నది పూర్తిగా తమ చేతిలో ఉండాలన్న ఈ పట్టుదల చాలావరకు ఉంది. దాన్ని చాదస్తమని కొట్టిపారేయలేం.

నాటకశాలకే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. తెర లేచే ముందు ఫోన్లు ఆపేయమని మనకు చెబుతారు. చీకటిలో వెలిగే ఫోన్ పక్కవారి చూపునే కాక, రంగస్థలం మీదున్న నటుడి ఏకాగ్రతను కూడా చెడగొడుతుంది కాబట్టి ఆ మాట సబబైనదే. మరి సీటు నంబరు ఆ ఫోన్‌లోనే ఉంటే? విరామం తరువాత దీపాలు తగ్గిపోయాక తన వరుస మరచిన మనిషి ఫోన్ తీసి, యాప్ తెరిచి, వెలుగు పెంచి వెతకవలసి వస్తుంది. ఒక చేత్తో ఫోన్ తీయించి, మరో చేత్తో లోపల పెట్టమనే ఈ ఏర్పాటు నాకు వింతగానే తోస్తుంది. కాగితపు ముక్క ఉంటే సీటు చూపించేవారి చిన్న టార్చి వెలుగు చాలు.

ఇంతవరకు చెప్పినవన్నీ సౌకర్యానికి సంబంధించినవి. సాంకేతికత మారితే ఇవి రేపు తీరిపోవచ్చు. తీరనిది వేరే ఉంది. నాటకం ఆ రాత్రితో అయిపోతుంది. సినిమాను మళ్లీ చూడవచ్చు, పుస్తకాన్ని మళ్లీ తెరవవచ్చు. కాని నాటకం మరునాడు మళ్లీ ఆడినా, అది నిన్నటి ఆట కాదు. నిన్నటి మౌనం, నిన్న నటుడు తడబడి సర్దుకున్న మాట, నిన్న హాలంతా ఒక్కసారిగా నవ్విన చోటు మళ్లీ రావు. ఆ రాత్రి అక్కడ ఉన్నామనడానికి ప్రేక్షకుడి చేతిలో మిగిలేది తేదీ, వరుస, నంబరు ఉన్న ఆ చిరిగిన ముక్క ఒక్కటే. ఫోన్‌లోని టికెట్టు ఆట ముగియగానే గడువు తీరిన వాటి జాబితాలోకి పోతుంది. ఫోన్ మార్చినప్పుడో, ఖాతా మూసేసినప్పుడో, సంస్థే మూతపడినప్పుడో కనిపించకుండా పోతుంది.

ఆ ముక్కకు విలువ ఏముంటుందని అనుకుంటారేమో. 1865 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లోని ఫోర్డ్ నాటకశాలలో నాటకం చూస్తుండగా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌పై కాల్పులు జరిగాయి. ఆ రాత్రి బాల్కనీ ముందు వరుసలో కూర్చున్న ఎవరివో రెండు టికెట్లు ఆనాటి తేదీ ముద్రతో మిగిలాయి. 2023లో వాటిని వేలం వేస్తే 2,62,500 డాలర్లు పలికాయి. వాటిని దాచినవారు వేలంపాట కోసం దాచి ఉండరు కదా. ఇంకో ఉదాహరణ టికెట్టుది కాదు, నాటక ప్రకటన పత్రానిది; అయినా చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రేలియాలో అచ్చయి నేటిదాకా మిగిలిన పత్రాల్లో అన్నిటికంటే పాతది ఏ చట్టమో, పటమో కాదు. 1796 జులై 30న సిడ్నీలో ఆడిన నాటకాలకు వేసిన ఒక ప్రకటన పత్రం. అది కెనడా జాతీయ గ్రంథాలయంలో, ఒక కత్తిరింపుల పుస్తకంలో అంటించి ఉండగా బయటపడింది. 2007లో కెనడా దాన్ని ఆస్ట్రేలియాకు బహూకరించింది. ఆట అయిన మరునాడు చెత్తలో చేరవలసిన కాగితాన్ని ఎవరో అంటించి దాచబట్టే ఒక దేశపు అచ్చు చరిత్రకు మొదటి ఆధారం దొరికింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. దాచుకోవడానికి కాగితం కావాలని పట్టుబట్టి తీసుకుంటున్న టికెట్టు ఈ రోజుల్లో చాలా చోట్ల దాచుకోవడానికి పనికిరాని కాగితం మీదే వస్తోంది. యంత్రం నుంచి వచ్చే టికెట్టులో సిరా ఉండదు. కాగితం పైపూతలో రంగులేని అద్దకమూ, దాన్ని నల్లబరిచే ఆమ్లగుణమున్న పదార్థమూ పక్కపక్కనే ఉంటాయి. యంత్రంలోని సన్నటి వేడి బిందువులు తగిలిన చోట అవి కరిగి కలిసి అక్షరంగా మారతాయి. ఆ కలయిక శాశ్వతం కాదు. ఎండ, వేడి, చేతి నూనె తగిలితే అక్షరాలు పాలిపోతాయి. ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్‌లో పెడితే భద్రమనుకుంటాం గాని, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌లో ఉండే రసాయనాలే ఆ అక్షరాలను త్వరగా తినేస్తాయి. ఈ పూతలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదని ఐరోపా సమాఖ్య 2020 జనవరి నుంచి దాని మోతాదును నామమాత్రానికి తగ్గించింది. కాగితాన్ని సమర్థించే నేను ఈ లోపాన్ని మీ దగ్గర దాచలేను.

కొన్ని సంస్థలు దీనికి ఒక విరుగుడు కనిపెట్టాయి. అసలు టికెట్టు ఫోన్‌లో ఇచ్చి, దళసరి కాగితం మీద అందంగా అచ్చువేసిన జ్ఞాపికా టికెట్టును విడిగా మరికొంత డబ్బుకు అమ్ముతున్నాయి. నిన్నటిదాకా టికెట్టు ధరలోనే కలిసి వచ్చినదాన్ని మన జేబులోంచి తీసేసుకొని, రంగులద్ది మళ్లీ మనకే అమ్మడం వ్యాపారంగా తెలివైనదే కావచ్చు. కాని గేటు దగ్గర చిరగని, ఎవరూ పట్టుకొని లోపలికి వెళ్లని టికెట్టు దేనికి సాక్ష్యం? నాకు ఆ అందమైన కాగితం కంటే నలిగిన ముక్కే ఎక్కువ. ఫోన్ కావలసినవారికి ఫోన్‌లో, కాగితం అడిగినవారికి కౌంటర్ దగ్గర అదనపు రుసుము లేకుండా అచ్చువేసి ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు. రెండింటి వెనకా ఉన్నది ఒకే నంబరు అయినప్పుడు, దాన్ని దేని మీద మోసుకెళ్లాలో ప్రేక్షకుడికే వదిలేస్తే సరిపోతుంది.

మీరు ఎప్పుడైనా కాగితపు టికెట్టు తీసుకుంటే ఈ జాగ్రత్తలు పాటించండి. ఇంటికి రాగానే దాన్ని మామూలు కాగితం మీద ఫోటోకాపీ తీయించండి. అసలు టికెట్టును ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితపు కవరులో, వెలుగు తగలని చోట ఉంచండి. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ యంత్రపు వేడికి పూత అంతా ఒక్కసారిగా నల్లబడి, అక్షరాలు కనిపించని నల్లటి అట్ట చేతికొస్తుంది. మరో సంగతి. టికెట్టు మీద నాటకం పేరుంటుంది గాని, ఆ రాత్రి ఎవరు నటించారో ఉండదు. ప్రధాన నటుడికి జ్వరం వచ్చి, ఆ పాత్రను నేర్చుకొని తెర వెనక సిద్ధంగా ఉన్న మరొకరు వేసే రాత్రులుంటాయి. అలాంటి మార్పును నాటకశాల గుమ్మం దగ్గర చిన్న కాగితం మీద రాసి అంటించి, మరునాడు పీకేస్తారు. అందుచేత నటీనటుల పేర్లు, ముఖ్యంగా ఆ రాత్రి మారినవారి పేరు, ఫోటోకాపీ వెనక పెన్సిల్‌తో ఆ రోజే రాసిపెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య