లాయరు దగ్గర దాచొద్దు: క్రిమినల్ కేసులపై అపోహలు - వాస్తవాలు

కొడుకు మీద కేసు పెట్టారని మా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు వచ్చిన ఒక తల్లి మొన్న గొంతు తగ్గించి అడిగింది. "జరిగిందంతా లాయరుకు చెప్పేస్తే ఆయన పోయి పోలీసులకు చెప్పేస్తాడంట కదా సార్?" చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించిన రోజుల్లో ఇదే మాట విన్నాను. లా విద్యార్థులకు ట్రయల్ అడ్వొకసీ (కోర్టులో కేసు నడిపే పద్ధతి) చెబుతున్న ఈ రోజుల్లోనూ వింటూనే ఉన్నాను. ఎవరు పుట్టించారో కానీ ఈ పుకారు వల్ల జైలుకు పోయినవాళ్ళున్నారు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: లాయరు దగ్గర కూడా కొంత దాచుకోవాలి.

వాస్తవం: దాచకూడదు. సాక్ష్యాల కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ (పాత ఎవిడెన్స్ చట్టంలో 126) ప్రకారం, కేసు కోసం క్లయింటు చెప్పిన మాటను అతని అనుమతి లేకుండా లాయరు బయటపెట్టకూడదు. కేసు ముగిసినా, మీరు వేరే లాయరును పెట్టుకున్నా ఆ బాధ్యత పోదు. ఆఫీసు క్లర్కుకూ ఇదే వర్తిస్తుంది. చేయబోయే నేరానికి సాయం అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. వకాల్తా తీసుకున్నాక జరిగిన నేరమో మోసమో లాయరు కంటపడినా అంతే. జరిగిపోయినదాన్ని మీ లాయరుకు చెప్పుకోవడానికి భయపడాల్సిన పని లేదు.

"నిజం చెబితే కేసు వదిలేస్తాడేమో" అన్నది ఇంకో భయం. ముద్దాయి తప్పు చేశాడా లేదా అన్న సొంత అభిప్రాయంతో నిమిత్తం లేకుండా అతని తరఫున వాదించాలని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. అబద్ధపు సాక్షిని మాత్రం మంచి లాయరు ఎక్కించడు, అది వేరే విషయం.

జనం ఎందుకు దాస్తారో నాకు తెలుసు. లాయరు ఆఫీసుకు ముద్దాయి ఒక్కడే రాడు. అన్న, బావమరిది, ఊరి పెద్దమనిషి, అందరూ వస్తారు. కథ వాళ్ళే చెబుతారు, ముద్దాయి తలూపుతాడు. అంతమంది ముందు సిగ్గు, భయం, పరువు అన్నీ అడ్డం వస్తాయి. ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. లాయరుకున్న రక్షణ పక్కన కూర్చున్న బావమరిదికి లేదు. అతన్ని రేపు సాక్షిగా పిలవొచ్చు. అందుకే మొదటిసారి లాయరుతో ఒంటరిగా మాట్లాడండి, మిగతావాళ్ళను బయట కూర్చోమనండి.

పాకాల వైపు ఒక మామిడితోట గట్టు తగాదా. ఐపీసీ ఉన్న రోజులు, 307 (హత్యాయత్నం) కేసు. నా క్లయింటు నెలన్నర తప్పించుకు తిరిగి లొంగిపోయాడు. "ఆ పొద్దు మా బావ ఊర్లోనే ల్యాడు సార్, దామలచెరువు మండీలో కాయలు దించతా ఉండాడు" అన్నాడు బావమరిది. ముద్దాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగినా అదే మాట. దాని మీదే కేసు నడిచింది. దెబ్బలు తిన్న మనిషి తమ్ముడు బోనెక్కాడు. ముద్దాయి ఆ రోజు అక్కడ లేనే లేడని, ఎదుటి సాక్షిని ప్రశ్నించే క్రాస్‌లో అతనికి సూచన వేశాను (అంటే మా వాదనను అతని ముందు పెట్టి, నిజమేనా అని అడిగాను). ఆ కుర్రాడు క్షణం కూడా తడుముకోలేదు.

"ల్యాకుండా యాడికి పోతాడు సార్? ఆయప్ప చెయ్యి ఇరిగింది ఆడనే కదా. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొచ్చినాడు, ఊరంతా చూసింది."

ముద్దాయి వైపు చూశాను. తల దించుకున్నాడు.

ఆ జవాబు మాకు పెద్ద బలం కావాల్సింది. ముద్దాయికి తగిలిన గాయాలు ఎలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పకుండా దాచితే దాని కథనాన్నే అనుమానించవచ్చని సుప్రీంకోర్టు 1976లో లక్ష్మీ సింగ్ కేసులోనే చెప్పింది. అవతలివాళ్ళే ముందు కొట్టారు, ఇతను అడ్డుకున్నాడు అంటే ఆత్మరక్షణ. ముద్దాయి నోరు తెరిచి కోరకపోయినా, సాక్ష్యంలో కనిపిస్తే ఆత్మరక్షణను కోర్టు పరిగణించవచ్చు. కానీ "నేనక్కడ లేను" అన్నవాడు తన గాయానికి కాగితం ఎలా తెస్తాడు? పుత్తూరు కట్టు నాటువైద్యం, దానికి గాయాల సర్టిఫికెట్ ఉండదు. లొంగిపోయిన రోజే నాకు చెప్పి ఉంటే ఎక్స్‌రే తీయించేవాణ్ణి. విరిగి అతుక్కుంటున్న ఎముకను చూసి డాక్టరు అది సుమారుగా ఎన్నాళ్ళనాటిదో చెప్పేవాడు. అంతా దాటిపోయింది. పైగా వేరే చోట ఉన్నానంటే ఆ సంగతి రుజువు చేసుకునే భారం ముద్దాయిదే (ఇప్పుడు సాక్ష్య అధినియమ్ 106వ సెక్షన్). మండీ నుంచి ఒక్క చీటీ కూడా దొరకలేదు. 326 (ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం) కింద శిక్ష పడింది. "వాళ్ళే ముందు కొట్టినారు సార్. చెబితే నేను ఆడ ఉన్నట్టు ఒప్పుకున్నట్టు అవతాదని చెప్పలేదు" అన్నాడు తర్వాత. చాలా బాధపడ్డాను. అతను దాచింది తనను కాపాడే నిజాన్ని.

లాయరు క్రాస్‌లో వేసే సూచనలు గాలికి పోయే మాటలు కావు. మిగతా సాక్ష్యంతో కలిపి వాటిని ముద్దాయికి వ్యతిరేకంగా కూడా చూడొచ్చని 2023లో బాలు సుదామ్ ఖాల్దే తీర్పు స్పష్టం చేసింది. మీరు చెప్పిన అబద్ధాన్ని మీ లాయరు నోటితోనే రికార్డుకు ఎక్కిస్తున్నారని గుర్తుపెట్టుకోండి.

మా విద్యార్థులకు క్రాస్ అంటే మహా సరదా. బల్ల గుద్ది అరవాలనుకుంటారు, సినిమాల ప్రభావం. క్లయింటు ఇంటర్వ్యూ అంటే మాత్రం ఆవలిస్తారు. అందుకే ముందు దానితోనే మొదలుపెడతాను. ఒకరు ముద్దాయి, ఒకరు లాయరు. "నువ్వక్కడ లేవు కదా?" అని అడిగితే అక్కడే ఆపేస్తాను, ఆ ప్రశ్నలోనే అబద్ధం అందించినట్టు. "ఆ రోజు నిద్ర లేచినప్పటి నుంచి చెప్పండి" అనాలి. తర్వాత నోరు మూసుకుని వినాలి. చివర్లో "ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయా, ఎక్కడ చూపించుకున్నారు?" అని తప్పకుండా అడగాలి. ఆస్పత్రా, ఆర్ఎంపీనా, పుత్తూరా అన్నది కూడా రాసుకోవాలి.

ఇక మిగతావి త్వరగా.

అపోహ: బెయిల్ వచ్చింది, కేసు అయిపోయింది.
వాస్తవం: కాలేదు. వాయిదాకు రాలేకపోతే ముందే లాయరుకు చెప్పి ఆబ్సెంట్ పిటిషన్ వేయించండి. లేకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు వస్తుంది, జామీనుదారుల మెడకూ చుట్టుకుంటుంది. కారణం లేకుండా ఎగ్గొట్టడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 269వ సెక్షన్ కింద విడిగా ఇంకో నేరం, ఏడాది దాకా శిక్ష.

అపోహ: స్టేషన్లో ఒప్పుకోలు మీద సంతకం పెట్టాను, ఇక అంతే.
వాస్తవం: పోలీసు ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువుగా వాడకూడదు. దాని ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు మాటలు మాత్రం చెల్లుతాయి. టెన్షన్ పడకండి. ఏం చెప్పారో, ఏం దొరికిందో మాత్రం లాయరుకు చెప్పండి.

అపోహ: కొత్త చట్టాలొచ్చాయి కాబట్టి పాత కేసులు కొట్టేస్తారు.
వాస్తవం: శుద్ధ అబద్ధం. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. ఇలా చెప్పి డబ్బులడిగేవాళ్ళను నమ్మకండి.

అపోహ: రెండు పక్షాలూ రాజీ పడితే ఏ కేసైనా పోతుంది.
వాస్తవం: రాజీకి వీలున్న నేరాల జాబితా చట్టంలోనే ఉంది. అందులో లేనివాటికి హైకోర్టుకు వెళ్ళాలి, అక్కడా హత్య, అత్యాచారం లాంటివి రాజీతో పోవు.

అపోహ: సార్ పాఠాలు చెబుతున్నా మనవాళ్ళ కేసు ఒక్కటి చూడకపోతారా.
వాస్తవం: చూడలేను. ప్రాక్టీసు చేసే లాయరు రోజుకు మూడు గంటలకు మించకుండా లా పాఠాలు చెప్పొచ్చు. నాలాగా పూర్తికాలం జీతానికి చేరినవాళ్ళు కోర్టులో వాదించకూడదు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ లాయరుకు కూడా 132వ సెక్షన్ వర్తిస్తుంది, ఆయన దగ్గరా ఏమీ దాచొద్దు.