ఆరు భుజాల నుంచి ఏడుకు: చక్కెర వలయం పెరిగిన దారి

చక్కెర అణువులకు అయిదు, ఆరు భుజాల వలయాలే ఎందుకుంటాయి, ఏడు ఎందుకుండవు? బరంపురంలో తెలుగు ఇళ్ల నుంచి ఎమ్మెస్సీ రసాయన శాస్త్రానికి వచ్చే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. గ్లూకోజ్‌లో అయిదో కార్బన్ మీది హైడ్రాక్సిల్ (OH గుంపు) మొదటి కార్బన్‌ను అందుకుంటే ఆరు భుజాల వలయం, ఆరో కార్బన్ మీదిది అందుకుంటే ఏడు భుజాల వలయం ఏర్పడతాయి. దగ్గరివాడు ఉండగా దూరపువాడికి వంతు రాదు కనుక, నాలుగు, అయిదు స్థానాలను ముందే కట్టిపడేస్తే తప్ప ఏడు భుజాల సెప్టనోజ్ చేతికి చిక్కదు.

వలయం ఉందన్న సంగతే ఆలస్యంగా తెలిసింది. అప్పుడే కరిగించిన ఆల్ఫా గ్లూకోజ్‌ను గొట్టంలో పోసి పోలారిమీటరులో (ద్రావణం ధ్రువిత కాంతిని ఎంత తిప్పుతుందో కొలిచే పరికరంలో) చూస్తే, ఆ తిప్పుడు కొలత అయిన విశిష్ట భ్రమణం +112 డిగ్రీల నుంచి మెల్లగా దిగి +52.7 దగ్గర నిలుస్తుంది. ఈ దిగుడును డ్యూబ్రన్‌ఫో 1846లోనే గమనించాడు. వలయం విచ్చుకొని మళ్లీ మూసుకోవడమే దానికి కారణమని తేలడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. టోలెన్స్ 1883లో అయిదు భుజాల వలయాన్ని ఊహించగా, ఆరు భుజాలని 1920లలో హావర్త్ బృందం తేల్చింది.

వలయాన్ని పెంచే దారికి ముడిసరుకు 1913లో దొరికింది. ఫిషర్, జాక్ తయారుచేసిన చక్కెర ఉత్పన్నం గ్లైకల్‌లో ఒకటి, రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది. పేరు చివరి ‘-అల్’ ఆల్డిహైడ్లకు పెట్టే తోక; అది ఆల్డిహైడ్ కాకపోయినా, పొరపాటున పెట్టిన ఆ పేరే నిలిచిపోయింది. ఈ ద్విబంధం మీద సిమ్మన్స్, స్మిత్ 1958లో చూపిన పద్ధతిలో గానీ, క్లోరోఫాం నుంచి క్షారంతో పుట్టించిన డైక్లోరోకార్బీన్‌తో గానీ మూడు భుజాల వలయాన్ని కట్టవచ్చు. 109.5 డిగ్రీల కోణం కోరుకునే కార్బన్లు అక్కడ 60 డిగ్రీల ఇరుకులో నలుగుతుంటాయి. రెండు వలయాలకూ ఉమ్మడిగా ఉన్న బంధం తెగగానే, పక్కనున్న ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటతో ఆ తెగిన చోటును ఆదుకుంటుంది. కొత్తగా చేరిన కార్బన్ పెద్ద వలయంలోకి వచ్చి, ఆరు ఏడవుతుంది. పెద్దదాన్ని పెంచడానికి చిన్నదాన్ని కట్టి విరగ్గొట్టడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఉపాయం. ఈ దారిన ఆక్సెపీన్లను (ఆక్సిజన్ ఉన్న ఏడు భుజాల వలయాలను) తయారుచేసిన తొలి బృందాల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానిది ఒకటి. ఆ పరిశోధన 1997లో అచ్చయింది.

ఈ శ్రమంతా ఎందుకంటే, ప్రోటీన్లు చక్కెరలను ఆకారాన్ని బట్టి గుర్తుపడతాయి. జాక్ బీన్ గింజల్లోని కాంకనావాలిన్ ఎ అనే ప్రోటీన్ మామూలుగా మానోజ్, గ్లూకోజ్‌లను పట్టుకుంటుంది. అది ఏడు భుజాల చక్కెరనూ పట్టుకోగలదని 2005లో తేలింది. అయితే ఆరు భుజాల వలయం కుర్చీ రూపంలో కుదురుగా కూర్చుంటే, ఏడు భుజాలది ఒక రూపం నుంచి మరొక రూపానికి సులువుగా జారిపోతూ ఉంటుంది. ప్రోటీన్ దాన్ని ఏ రూపంలో అందుకుంటుందో ఒక్కొక్క అణువుకూ విడివిడిగా తేల్చుకోవలసిందే.