కరివేపాకుకు వేప ఏమవుతుంది?

కరివేపాకు పేరులోనే వేప ఉంది. రెండింటి రెబ్బలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ పేరు ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు: నడిమి కాడకు అటూ ఇటూ వరుసగా చిన్న ఆకులు, కొస దేలిన మొనలు, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా తెల్లని పూలు. చూపుకు చుట్టాలుగా కనిపించే ఈ రెండు చెట్లూ ఒకే కుటుంబానివా కావా అన్నది తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పొద్దుటి వెలుగు, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, కొంత ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఆకు అంటే ఏదో తెలియాలి. ఆకు కాడ కొమ్మను అంటుకునే మూలలో ఒక మొగ్గ ఉంటుంది. కరివేపాకు రెబ్బ మీద ఉన్న చిన్న ఆకుల మొదట్లో ఎంత వెతికినా మొగ్గ కనిపించదు. రెబ్బ మొత్తంగా కొమ్మను అంటుకున్న చోటనే అది ఉంటుంది. అంటే మనం వంటింట్లో రెబ్బ అని పిలిచేదే వృక్షశాస్త్రం లెక్కలో ఒక ఆకు, దాని మీద ఉన్నవి పత్రకాలు. మారేడు దళంలో పత్రకాలు మూడే. నిమ్మకు ఒక్కటే మిగిలింది. అయినా కాడకూ ఆకు రేకుకూ మధ్య ఒక కీలు గోటికి తగులుతుంది, అక్కడ వంచితే ఆకు తెగిపోకుండా శుభ్రంగా విడివడుతుంది. ఒకప్పుడు పలు పత్రకాలు ఉన్న ఆకు ఒక్క పత్రకానికి కుదించుకుపోయిందనడానికి ఆ కీలును గుర్తుగా తీసుకుంటారు.

ఇప్పుడు కరివేపాకు పత్రకం ఒకటి తుంచి ఎండకు అడ్డంగా పట్టుకోవాలి. పచ్చని రేకు నిండా సూదిమొనతో పొడిచినట్లు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి రంధ్రాలు కావు, నూనె తిత్తులు. తాలింపులో పడగానే ఇల్లంతా కమ్ముకునే సువాసన వాటిలోనిదే. నిమ్మ, నారింజ, మారేడు, వెలగ ఆకులను ఇలాగే పట్టి చూస్తే అన్నింటిలోనూ ఈ చుక్కలు ఉంటాయి. కాయలు చూస్తే ఒకదానికొకటి పోలిక లేదు: నిమ్మకాయ రసం నిండిన తొనలు, వెలగకాయ కొడితే తప్ప పగలని పెంకు, కరివేప పండు నల్లని చిన్న గింజపండు. అయినా ఇవన్నీ రూటేసి అనే నిమ్మ కుటుంబానివే. వేపాకులో ఆ చుక్కలు ఉండవు, పైగా దాని అంచు రంపపు పళ్ళలా ఉంటుంది.

అయితే ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పేయడం తొందరపాటు అవుతుంది. జామ ఆకును, నేరేడు ఆకును వెలుగుకు పడితే వాటిలోనూ చుక్కలే! కానీ జామకూ నేరేడుకూ ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, నిమ్మకూ మారేడుకూ ఒకదాని తరువాత ఒకటి మారుతూ వస్తాయి. అంతకన్నా గట్టి సాక్ష్యం కాయలో ఉంది. జామకాయకు తొడిమ ఉన్న వైపు కాక రెండో కొసన ఎండిపోయిన పచ్చని రేకుల చిన్న కిరీటం మిగిలి ఉంటుంది. పూవును మొగ్గగా ఉన్నప్పుడు కప్పి కాపాడిన రక్షక పత్రాలు అవి. దానిమ్మలో ఆ కిరీటం ఇంకా బాగా తెలుస్తుంది. వంకాయలోనైతే అవే రక్షక పత్రాలు ముచ్చిక దగ్గర, కాయ మొదట్లో పట్టుకుని ఉంటాయి. ఈ తేడా చిన్నది కాదు. వంకాయ పూవులో అండాశయం, అంటే తరువాత కాయగా మారే భాగం, మిగతా భాగాలకు పైన కూర్చుంటుంది, జామ పూవులో అన్నింటికీ కిందకు దిగి ఉంటుంది. శాస్త్రంలో మొదటిది ఊర్ధ్వ అండాశయం, రెండోది నిమ్న అండాశయం. గుమ్మడి, బీర, కాకర పాదుల్లో ఆడపూవు విచ్చకముందే దాని అడుగున చిన్న పిందె కనిపించడానికి కారణం కూడా నిమ్న అండాశయమే. నిమ్మ, మారేడు, కరివేప పూలలో అండాశయం పైనే ఉంటుంది. కనుక ఆకుల్లో చుక్కలు ఉన్నా జామ, నేరేడు వాటి చుట్టాలు కావు. అవి మిర్టేసి కుటుంబానివి.

పూవుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఆకు మొక్క బతికే తీరును బట్టి త్వరగా మారిపోతుంది. ఎండ, నీరు, మేసే పశువు, ఇవన్నీ ఆకును తరతరాలుగా మలుస్తాయి. పూవులోని అమరిక అంత సులువుగా మారదు. కానీ పూవులో కూడా దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది తేలడానికి చాలా కాలం పట్టింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలను ప్రధానంగా కేసరాల, అంటే పూవులో పుప్పొడినిచ్చే కాడల, సంఖ్యను బట్టి తరగతులుగా విభజించాడు. ఎవరైనా లెక్కపెట్టగలిగేంత సులువైన పద్ధతి అది. కాని దాని ప్రకారం మూడు కేసరాలున్న గోధుమ ఒక తరగతిలో, ఆరు కేసరాలున్న వరి మరొక తరగతిలో పడ్డాయి. రెండూ గడ్డిజాతివేనని ఏ రైతైనా చెప్పగలడు. 1789లో ఫ్రాన్సులో జస్యూ అనే వృక్షశాస్త్రవేత్త ఒక లక్షణానికి కట్టుబడకుండా అనేక లక్షణాలను కలిపి తూచి మొక్కలను కుటుంబాలుగా కూర్చాడు. నేటి కుటుంబాల భావన నిలదొక్కుకున్నది ఆ పునాది మీదనే. ఈ చరిత్రలో మన నేలకూ ఒక చోటు ఉంది. కరివేపాకు శాస్త్రీయ నామంలో రెండో పదమైన కోనిగియై, లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ పేరు మీద వచ్చింది. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ ఆయనకు వైద్యం చేయడానికి వెళ్ళాడు. ఆ రాక్స్‌బర్గే తరువాత కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథం వెలువరించి, వాటి తెలుగు పేర్లను కూడా అందులో రాసిపెట్టాడు.

కుటుంబం అంటే ఏమిటో కళ్ళకు కట్టేలా చూపడానికి మందారాన్ని మించిన పూవు లేదని నా అభిప్రాయం. ముద్దమందారం పనికిరాదు, దానిలో కేసరాలు రేకులుగా మారిపోయి అసలు అమరిక చెదిరిపోయి ఉంటుంది. ఒంటిరెక్క మందారం తీసుకుంటే, ఐదు రేకులూ మెలితిరిగినట్లు ఒకదాని అంచు పక్కదాని అంచును కప్పుతూ ఉంటాయి. నడుమ నుంచి పొడుచుకువచ్చే పొడవాటి కాడ ఒక గొట్టం. కేసరాలన్నీ అడుగున కలిసిపోయి ఆ గొట్టంగా ఏర్పడ్డాయి. దాన్ని బ్లేడుతో నిలువునా చీలిస్తే లోపల దారంలాంటి కీలం, అంటే అండాశయం నుంచి పైకి లేచే కాడ, కనిపిస్తుంది. అదే గొట్టం దాటి పైకి వచ్చి ఐదు ఎర్రని గుండ్రటి కొసలుగా విడిపోతుంది. రక్షక పత్రాలకు వెలుపల మరో వరుస పచ్చని సన్నని రేకులు ఉంటాయి. ఇప్పుడు బెండ పూవు, పత్తి పూవు, గోంగూర పూవు తెచ్చి పక్కన పెడితే అదే మెలిక, అదే గొట్టం. పత్తిలో ఆ వెలుపలి వరుస మూడు పెద్ద పళ్ళ అంచు రేకులుగా కాయను పట్టుకుని ఉంటుంది. బెండకాయ కోసినప్పుడు చేతికంటే జిగురూ, మందారాకు నలిపి తలకు పట్టించినప్పుడు వచ్చే జిగురూ ఒకే కుటుంబపు సొత్తు. ముదిరి ఎండిన బెండకాయ గదుల వెంట నిలువునా పగలడం, పత్తికాయ విచ్చుకోవడం కూడా ఒకే రకం పనే.

చిక్కుడు కుటుంబంలో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ పూలు మనలను తికమకపెడతాయి, కాయ దారి చూపుతుంది. అవిసె పూవులో పైకి లేచిన పెద్ద రేకు ఒకటి, పక్కన రెక్కల్లాంటివి రెండు, అడుగున పడవలా కలిసిన మరి రెండు ఉంటాయి. ఆ పడవలో దాగిన పది కేసరాలలో తొమ్మిది కట్టగా కలిసి, ఒకటి విడిగా ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడులో ఈ పడవ లేదు, పసుపు రేకులు విప్పారి ఉంటాయి. తుమ్మ పూవులో రేకులే కంటికి ఆనవు, కేసరాలతో నిండిన పసుపు బంతి మాత్రమే కనిపిస్తుంది. అయినా మూడింటికీ కాయ ఒకటే: ఒక గదితో, ఒకే అంచు వెంట గింజలు అంటుకుని ఉండే కాయ. వేరుశెనగ కూడా ఇంతే. పూవు నేల పైనే పూస్తుంది, ఊడ దిగాక కాయ మట్టిలో ఊరుతుంది. ఒలిచి చూస్తే గింజలు తొక్కకు ఒకే వైపున అతుక్కుని ఉంటాయి. ఈ కుటుంబాన్ని 2017లో ఆరు ఉపకుటుంబాలుగా తిరిగి అమర్చారు కాని, మొత్తం కుటుంబం చెక్కుచెదరలేదు.

చూపు పూర్తిగా మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. ఆకుజెముడు, నాగజెముడు పేర్లు రెంటినీ ఒకే ఇంటివిగా చేశాయి. కండ పట్టిన కాండం, ముళ్ళు రెంటికీ ఉన్నాయి. ఆకుజెముడును గీరితే పాలు కారతాయి, దాని ముళ్ళు జంటలుగా ఉంటాయి, కాయ ఆముదపు కాయలా మూడు పలకలుగా ఉంటుంది. అది ఆముదానికి చుట్టం. నాగజెముడుకు పాలు లేవు, ముళ్ళు గుత్తులుగా వస్తాయి, కాయ కొసన పూవు రాలిన గుంట ఉంటుంది. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. నీటి కరువు రెంటినీ ఒకే అచ్చులో పోసింది. చెరువులో నీటి సమృద్ధి కూడా అదే పని చేసింది. కలువ ఆకుకు కాడ వరకు ఒక చీలిక ఉంటుంది, తామరాకుకు చీలిక లేదు, కాడ సరిగ్గా నడుమ అతుకుతుంది. తామర గింజలు గరాటులాంటి దుద్దులో గుంటలు గుంటలుగా కూర్చుంటాయి, కలువలో అలాంటి దుద్దు లేదు. పుప్పొడి రేణువు మీద కలువకు ఒక గాడి, తామరకు మూడు. డి.ఎన్.ఎ. పరిశీలన వచ్చాక తేలినదేమంటే, తామరకు దగ్గరి చుట్టాలు కలువలు కావు, కాశ్మీరపు చినార్ చెట్టు, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్. ఆకు చీలికనూ దుద్దునూ శ్రద్ధగా చూసినవారికి కనీసం ఇవి వేరని ముందే తెలిసి ఉండేది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఉగాది నాడు పచ్చడిలో వేయబోయే వేపపువ్వులో ఒకదాన్ని పక్కకు తీసి భూతద్దం కింద పెట్టాలి. ఐదు తెల్లని రేకుల నడుమ, పది కేసరాల కాడలూ ఏకమై చిన్న తెల్లని గొట్టంగా నిలబడి, దాని నోటి లోపలి అంచున పుప్పొడి తిత్తులు వరుసగా కూర్చుని ఉంటాయి. కరివేప పూవులో కూడా కేసరాలు పదే, కాని దేనికది విడిగా ఉంటుంది. కనుక వేప మహాగనితో పాటు మీలియేసి కుటుంబానిది, కరివేప రూటేసి కుటుంబానిది. పేరు పెట్టినవారు మరీ పొరబడలేదు. దగ్గరి కుటుంబాలను కలిపిన పై మెట్టును క్రమం అంటారు. పుష్పించే మొక్కలను 64 క్రమాలుగా, 416 కుటుంబాలుగా అమర్చిన 2016 నాటి వర్గీకరణలో ఈ రెండు కుటుంబాలూ ఒకే క్రమంలో ఉన్నాయి. పచ్చడిలోకి తరిగే మామిడికాయ కూడా ఆ క్రమానిదే. ఆ క్రమం పేరు సాపిండేలిస్. పండుగ నాటి తలంటుకు కొట్టే కుంకుడుకాయల చెట్టు, సాపిండస్, పేరు మీద వచ్చింది.