నోటీసు ఇచ్చేశాం కదా, కేసు ఎక్కడికి పోతుంది? వ్యాపార బాకీల మీద అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో వకీలుగా వ్యాపారుల తగాదాలు చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. జీడి పిక్కలు, చింతపండు, ధాన్యం, ఎరువులు, సిమెంటు ఇలా ఏదో ఒకటి అమ్ముతుంటారు. దుకాణం ఒడిశాలో, కొనేవాడు పాతపట్నంలోనో పలాసలోనో పార్వతీపురంలోనో. డబ్బు సక్రమంగా చేతులు మారినన్నాళ్లు రాష్ట్రం హద్దు ఎవరికీ గుర్తుండదు. బాకీ ఆగిందంటే మాత్రం బజారులో ప్రతివాడూ ఒక వకీలే. ఆ సలహాలు నమ్మి కష్టార్జితం పోగొట్టుకున్నవాళ్లని చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

అపోహ: లీగల్ నోటీసు ఇచ్చాం, అతనూ ఇస్తాననే అంటున్నాడు. కేసు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

వాస్తవం: వేసుకోలేరు. మన వ్యాపారులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే.

ప్రోనోటుకి మూడేళ్లని మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. గడువు దగ్గరపడితే తిరగరాయించుకుంటారు. కొంత ముడితే వెనకవైపు తేదీ వేసి, చెల్లు రాయించి, సంతకం పెట్టించుకుంటారు. అంత జాగ్రత్త ఉన్న మనిషే అరువు మీద లారీ సరుకు పంపి, ఆ బిల్లు బాకీకి కూడా మూడేళ్లే అన్న సంగతి ఆలోచించడు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, అరువు గడువేదీ మాట్లాడుకోకపోతే సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు. గడువు మాట్లాడుకుంటే అది తీరిన రోజు నుంచి మూడేళ్లు. మామూలు అమ్మకాల్లో ఏ లోడు లెక్క ఆ లోడుదే. చివరి లోడు తేదీ పట్టుకుని పాత బాకీలన్నీ బతికే ఉన్నాయనుకోకండి. గడువు దాటిందని అవతలివాడు చెప్పకపోయినా కోర్టు దావా కొట్టేయాల్సిందే. అప్పీలు ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగవచ్చు. దావాకి ఆ వెసులుబాటు లేదు.

లీగల్ నోటీసు ఈ గడువును ఒక్క రోజు కూడా ఆపదు. పది నోటీసులు ఇచ్చినా ఆపదు. ఫోన్‌లో “సీజన్ అవ్వగానే ఇచ్చేస్తాను” అన్న మాటా ఆపదు, పెద్దమనుషుల ముందు నోటితో ఒప్పుకున్నా ఆపదు. గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు రావాలంటే మూడేళ్లు నిండకముందే అతను బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెట్టాలి. లేదా కొంత చెల్లించి, ఆ చెల్లింపు అతని చేతిరాతలోనో, అతని సంతకంతోనో ఉండాలి. మూడేళ్లు దాటాక “బాకీ ఉన్న మాట నిజమే” అని రాసిచ్చినా సరిపోదు. అప్పుడు “ఈ మొత్తం చెల్లిస్తాను” అని స్పష్టంగా రాసి సంతకం పెట్టిన కాగితం ఉంటేనే కాంట్రాక్టు చట్టం కింద దానికి విలువ. గడువు దాటాక అలా రాసిచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

2025 జూలైలో ఒక పెద్దాయన వచ్చారు. వివరాలు కొద్దిగా మార్చి చెబుతున్నాను. మోహన వైపు పిక్కలు కొని, ఎనభై కిలోల బస్తాల లెక్కన సరిహద్దు అవతలి ఫ్యాక్టరీకి పంపేవారు. పదకొండు లక్షల పైచిలుకు రావాలి. చివరి లోడు 2022 మేలో. ఆరు నెలలకే వేరే వకీలు చేత నోటీసు ఇప్పించారు. దాని రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మడత నలగకుండా దాచుకున్నారు. “నోటీసు ఉంది కదా బాబూ, కేసు ఎక్కడికి పోతుంది?” అన్నారు. మూడేళ్లు మేతోనే నిండిపోయి అప్పటికి రెండు నెలలు. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో తెలియక, ముందు బ్యాంకు పాస్‌బుక్కులన్నీ తెమ్మన్నాను.

మర్నాడు కొడుకుతో వచ్చారు. పేజీ పేజీ తిప్పాం. 2023 జనవరిలో, సంక్రాంతి ముందు, ఫ్యాక్టరీ యజమాని ఇచ్చిన చెక్కు మీద యాభై వేలు జమ. ఆయన దాన్ని మర్చిపోయారు కూడా. “పండక్కి ఏదో ఇచ్చాడు బాబూ” అన్నారు. ఆ చెక్కు మీద బాకీదారు సంతకం ఉంది, గడువు లోపలే ఇచ్చాడు, పాత బాకీ తప్ప వాళ్లిద్దరి మధ్య వేరే లావాదేవీ లేదు. కాబట్టి అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు లెక్కించమని అడిగే వీలు దొరికింది. దావా వేశాం, నడుస్తోంది. అదే యాభై వేలు నగదుగా ఇచ్చి ఉంటే ఆయన్ని ఉత్త చేతులతో పంపాల్సి వచ్చేది. ఫోన్‌పేలో వేసి ఉంటే డబ్బు వచ్చినట్టు కనపడుతుంది గానీ, ఏ బాకీ కింద వేశాడో అతని రాతలో ఉండదు. వాదన అక్కడే మొదలవుతుంది.

అందుకే ప్రతి మార్చి నెలాఖరుకీ, ఎంత స్నేహం ఉన్నా, “ఫలానా తేదీకి మీకు ఇంత ఇవ్వాలి” అని బాకీదారు చేత రాయించి, సంతకం, తేదీ, ఫర్మ్ ముద్ర వేయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి. ఆడిటర్ అడుగుతున్నాడని చెప్పండి, నిజంగానే అడుగుతారు. మన చిట్టా, ఆవర్జా ఎంత శుభ్రంగా రాసుకున్నా, ఆ పద్దు ఒక్కటే చూపి ఎదుటివాడి మీద బాకీ మోపడం కుదరదు. లోడు దించుకున్న చలానా, ఈ-వే బిల్లు, కాటా చీటీ లాంటివి తోడుండాలి.

అపోహ: చెక్కు చేతిలో ఉంది, భయం లేదు.

చెక్కుకి ఇంకా తక్కువ టైమ్. రాసిన తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో అతను కట్టకపోతే, ఆ తర్వాత ఒక నెలలో కోర్టులో ఫిర్యాదు దాఖలు కావాలి. ఇక్కడ ఆలస్యాన్ని తగిన కారణం ఉంటే కోర్టు మన్నించవచ్చు, కానీ ఆ దయ మీద ఆధారపడి కూర్చోకండి. “వచ్చే వారం మళ్లీ వెయ్” అంటే మూడు నెలల్లోపు మళ్లీ వేయవచ్చు. ఒకసారి నోటీసు ఇచ్చాక మాత్రం ఇక మెతకబడకండి.

“ఆంధ్రా పార్టీ చెక్కు, కేసుకి శ్రీకాకుళం తిరగాలా?” అని అడుగుతుంటారు. అక్కర్లేదు. చెక్కుల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత, మీరు చెక్కును మీ ఖాతాలో జమకి వేస్తే, మీ ఖాతా ఉన్న బ్రాంచి ఎక్కడుందో అక్కడి కోర్టే విచారిస్తుంది. డబ్బు దావాకి కూడా, వ్యవహారంలో కొంత భాగం ఇక్కడ జరిగితే ఇక్కడ వేయవచ్చు. ఇక్కడి డిక్రీని, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వుని, ఆంధ్రా కోర్టుకి బదిలీ చేయించి అమలు చేయించుకోవచ్చు. దానికి 12 ఏళ్ల గడువుంది.

పోలీస్ స్టేషన్ దారి గురించి ఎక్కువ చెప్పను. సరుకు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం ఒక్కటే మోసం నేరం కాదు. మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని కనపడాలి. సివిల్ బాకీని క్రిమినల్ కేసుగా మార్చొద్దని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది. స్టేషన్ చుట్టూ తిరిగిన నెలలు కూడా ఆ మూడేళ్లలోంచే పోతాయి.

జీఎస్టీ ఉంది కాబట్టి ఫర్మ్ రిజిస్టర్ అయినట్టే అనుకునే అన్నదమ్ములు చాలామంది. అది వేరు, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు వేరు. ఆ నమోదు లేని భాగస్వామ్య ఫర్మ్ తన ఒప్పందం మీద బయటివాడిపై దావా వేయలేదు. ఈ వారమే చూసుకోండి.

సరుకు తయారుచేసే చిన్న యూనిట్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం మంచి ఆయుధం. కొన్నవాడు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు. దాటిస్తే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కొన్నవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఇలాంటి బాకీ తగాదాలు చూసే, అమ్మినవాడి రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వెళ్లవచ్చు. ఈ చట్టం కింద ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ నమోదు గొడవ వచ్చాక కాదు, సరుకు పంపకముందే ఉండాలి. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ ఆలస్య చెల్లింపు రక్షణ ఉందని నమ్మకండి. వాళ్లకి ఉద్యమ్ ఇచ్చింది బ్యాంకు రుణాల కోసం.

3 లక్షలు, ఆపైన ఉన్న వాణిజ్య దావాకి, అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే, ముందు న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే. వెళ్లకుండా వేస్తే దావా తిరస్కరిస్తారు. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలం గడువు లెక్కలోకి రాదు. కానీ ఆ దరఖాస్తు గడువు చివరి వారంలో కాకుండా ముందే పెట్టండి.

ఇక అవతలి వైపున్నవాళ్ల మాట. వకీలు నోటీసు రాగానే నిద్ర పోగొట్టుకుని, జైలుకి పంపుతారేమోనని భార్యాపిల్లల ముందు ఏడ్చినవాళ్లని చూశాను. నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు, అవతలివాడి వాదన మాత్రమే. మామూలు బిల్లు బాకీ ఉన్నంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని జైల్లో వేయరు. టెన్షన్‌లో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, అలాగని ఆ నోటీసును బీరువాలో పడేయకండి. చెక్కు నోటీసైతే 15 రోజుల్లో కట్టే దారి ఇంకా తెరిచే ఉంది. కోర్టు సమన్లే వస్తే, వాణిజ్య దావాలో జవాబు 30 రోజుల్లో వేయాలి, కోర్టు ఒప్పుకుంటే ఎక్కువలో ఎక్కువ 120 రోజులు. ఆ తర్వాత మీ జవాబు తీసుకోరు. సమన్లు తెలుగులో లేవు, ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో ఉన్నాయని చదవకుండా వదిలేయకండి. అందిన తేదీ కవరు మీద రాసుకుని, కవరుతో సహా వకీలుకి చూపించండి.